అంపశయ్య మీద తాతగారికి దిండు ఎవరిచ్చారు?

 

సంక్రాంతికి ఊరెళ్లడానికి టికెట్లు దొరికినవాళ్లు అదృష్టవంతులు. దొరకనివాళ్లు ఈపాటికి ఎవరి కారులో సీటు ఖాళీ ఉందా అని వెతుకుతూ ఉంటారు. రాజమండ్రి వైపో, తాడేపల్లిగూడెం వైపో, కోనసీమలోకో వెళ్లేవాళ్లకి ఈసారి ఒక పని చెప్దామని ఈ పోస్ట్ రాస్తున్నాను. వీడియోలో సమయం చాలక సగమే చెప్పగలిగాం. మిగతాది ఇక్కడ చదవండి.

2026లో భోగి జనవరి 14, బుధవారం. అదే రోజు మన దేశంలో మాజీ సైనికుల దినోత్సవం. భారత సైన్యానికి మొదటి భారతీయ సర్వసేనాధిపతి అయిన కరియప్ప గారు 1953లో ఆ తేదీనే పదవీ విరమణ చేశారు, అందుకని ఆ రోజుని ఎంచుకున్నారు. 2016 నుంచి జరుపుతున్నారు. మనం ఆ రోజు పొద్దున్నే భోగిమంటల హడావిడిలో ఉంటాం కాబట్టి ఎవరికీ గుర్తుండదు. సరే, పన్నెండు రోజులు ముందుకి వెళ్దాం. జనవరి 26, సోమవారం. గణతంత్ర దినం, దాంతోపాటు మాఘ శుద్ధ అష్టమి, అంటే భీష్మాష్టమి. ఒకే నెలలో ఇవన్నీ ఇలా కలిసొచ్చాయి. క్యాలెండర్ కలిసినంత మాత్రాన పుణ్యం రాదు లెండి. కానీ గుర్తు చేసుకోవడానికి ఒక సాకు దొరికింది.

భీష్ముణ్ణి మనం తాతగా, జ్ఞానిగా, బ్రహ్మచారిగా తలుచుకుంటాం. ఒక్కసారి ఆయన్ని సైనికుడిగా చూడండి. చిన్న వయసులోనే మాట ఇచ్చేశాడు, సింహాసనం నాకొద్దు, కాపలా మాత్రం కాస్తానని. ఆ ప్రతిజ్ఞ కథని తెలుగులో మొదట చెప్పింది మన రాజమహేంద్రవరంలోనే, రాజరాజనరేంద్రుడి కొలువులో, నన్నయ గారు. ఆ మాట ఇచ్చిన దగ్గర్నుంచి ఎన్ని తరాలు మారినా ఆ గడప దగ్గర ఆయుధం పట్టుకుని నిలబడ్డాడు. రాజులు మారారు, ఆయన డ్యూటీ మారలేదు. పెళ్లి లేదు, పిల్లల్లేరు, తనదంటూ ఒక ఇల్లు లేదు. చివరికి పదో రోజు యుద్ధంలో పడిపోయాడు. పడిపోయిన తర్వాత ఏం జరిగిందన్నదే మనకి కావలసిన కథ.

ఒళ్లంతా బాణాలు గుచ్చుకుని ఉన్నాయి. శరీరం నేలకి తగల్లేదు, తల మాత్రం కిందకి వేలాడిపోతోంది. రెండు పక్షాల రాజులూ యుద్ధం ఆపి చుట్టూ చేరారు. తల వాలిపోతోంది, దిండు కావాలన్నాడు. వెంటనే రాజులందరూ పరిగెత్తి మెత్తటి దిండ్లు, పట్టు దిండ్లు, ఖరీదైనవన్నీ తెచ్చారు. ఆయన నవ్వాడు. ఇవి నా పడకకి తగినవి కావు నాయనా అని అర్జునుడి వైపు చూశాడు. అర్జునుడు కళ్లనీళ్లు పెట్టుకుని, ఏం చెయ్యమంటావో చెప్పు తాతా అని అడిగాడు. అడిగి, విని, అర్థం చేసుకుని, మూడు బాణాలు నేలలోకి కొట్టి ఆ తలకి ఆనిక ఇచ్చాడు. పెద్దాయన సంతోషించాడు. దుర్యోధనుడు వైద్యుల్ని కూడా తెచ్చాడు, బాణాలు పీకించడానికి. వాళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చి గౌరవంగా పంపించెయ్ అన్నాడు తాత. మర్నాడు దాహం అన్నాడు. మళ్లీ అదే కథ. అందరూ చల్లటి నీళ్లు, తినడానికి మంచి మంచి పదార్థాలు తెచ్చారు. అర్జునుడు మాత్రం నేలలోకి బాణం వేసి నీళ్లు పైకి రప్పించాడు.

ఈ కథని చిన్నప్పటి నుంచి అర్జునుడి విలువిద్య గొప్పతనంగా వింటున్నాం. నాకు మాత్రం ఆయన విల్లు కంటే ఆయన అడిగిన ప్రశ్నే పెద్దదిగా కనిపిస్తుంది. పట్టు దిండ్లు తెచ్చినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. వాళ్లకి తోచింది తెచ్చారు. పడుకున్నది ఎవరు, ఆయన పడక ఏంటి అన్నది చూసుకోలేదు, అంతే.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ఆగస్టు 15కి, జనవరి 26కి మన ఊళ్లో ఒక మాజీ జవానుని స్టేజి మీదకి పిలుస్తాం. శాలువా కప్పుతాం, మెమెంటో ఇస్తాం, ఫోటో తీస్తాం. ఫ్లెక్సీలో ఆయన ఫోటో కంటే ఇచ్చేవాళ్ల ఫోటో పెద్దగా ఉంటుంది, అది వేరే విషయం. ఆయన ఇంటికెళ్లి చూస్తే బీరువాలో పదిహేను శాలువాలు ఉంటాయి. మోకాలు నొప్పికి హాస్పిటల్‌కి తీసుకెళ్లే మనిషి ఉండడు. శాలువా తప్పని నేను అనను, అది పట్టు దిండు.

మన గోదావరి జిల్లాల్లో ఈ విషయం మాట్లాడాలంటే మాధవరం పేరు ఎత్తకుండా కుదరదు. పశ్చిమ గోదావరిలో, తాడేపల్లిగూడెం మండలంలో ఉంటుంది. ఆ చుట్టుపక్కల అడిగితే మిలటరీ మాధవరం అంటేనే దారి చెప్తారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది వెళ్లారని, రెండో ప్రపంచ యుద్ధానికి వెయ్యి మందికి పైనే వెళ్లారని ఊరి లెక్క. అప్పట్నుంచి ఇప్పటిదాకా తాత, తండ్రి, కొడుకు వరుసగా సైన్యంలో పనిచేసిన ఇళ్లు అక్కడ ఉన్నాయి. ఊళ్లో అమరుల స్మారకం ఉంది. సుబేదార్ వెంపల్లి వెంకటాచలం గారి విగ్రహం ఉంది. వరి, చెరుకు, కొబ్బరి పండే పచ్చటి డెల్టాలో, మూడు పూటలా అన్నం దొరికే చోట నుంచి ఇంతమంది మంచు కొండలకి ఎందుకు వెళ్లారా అని మనకి అనిపిస్తుంది. డెల్టాలో పొలం ఉన్నవాడికే అన్నం, లేనివాడికి కూలి. ఒక యూనిఫాం, నెల నెలా జీతం, ఊళ్లో ఒక గౌరవం. ఇవి చిన్న కారణాలు కావు.

ఇక్కడ కొంతమంది యువకులు ఒక ప్రశ్న వేస్తారు, న్యాయమైన ప్రశ్నే. ఆ రెండు యుద్ధాల్లో వాళ్లు పోరాడింది తెల్లవాళ్ల కోసం కదా, అది దేశభక్తి ఎలా అవుతుంది, వాళ్లకి దండం ఎందుకు పెట్టాలి అని. దీనికి మహాభారతమే సమాధానం చెప్తుంది. యుద్ధం మొదలవ్వబోతుంటే ధర్మరాజు కవచం తీసేసి, ఆయుధాలు పక్కన పెట్టి, కాలినడకన శత్రుసైన్యంలోకి వెళ్లి భీష్ముడి పాదాలు పట్టుకున్నాడు. అప్పుడు భీష్ముడు ఏం దాచలేదు. కౌరవుల సొమ్ము తిన్నాను, దానికి కట్టుబడిపోయాను, అందుకే అటు నిలబడుతున్నాను అని ఒప్పుకున్నాడు. ఆయన నిలబడిన పక్షం ధర్మపక్షం కాదు, అది ఆయనకీ తెలుసు, ధర్మరాజుకీ తెలుసు. అయినా ఆ దండం ఆగలేదు. యుద్ధాన్ని పూజించడం వేరు, మాట కోసం ఒళ్లు అప్పగించిన మనిషిని ఆదరించడం వేరు. పాండవులు రెండోది చేశారు. తమని పది రోజుల పాటు బాణాలతో కొట్టిన మనిషికి కూడా చేశారు.

అసలు మన గోదావరి వాళ్లకి పాత సైనికుడికి మొక్కడం కొత్తేం కాదండి. కాటన్ దొర ఎవరనుకున్నారు? మద్రాసు సైన్యంలో ఇంజనీరు, బర్మా యుద్ధానికి వెళ్లొచ్చినవాడు. 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. ఆయన విగ్రహం లేని పెద్ద ఊరు డెల్టాలో వెతుక్కోవాలి. గోదావరిలో స్నానం చేసి ఆయన పేరు తలుచుకుని నీళ్లు వదిలేవాళ్లు కూడా ఉన్నారు. మతం అడగలేదు, జాతి అడగలేదు, చేసిన మేలు చూశారు. అంత పెద్ద మనసు ఉన్న ప్రాంతం మనది. మరి పక్క వీధిలో ఉన్న హవల్దార్ గారికి ఏం తక్కువైంది?

శాస్త్రం దీని గురించి ఏమందో చెప్తాను. సభాపర్వంలో నారదుడు ఇంద్రప్రస్థానికి వస్తాడు. మయసభ కట్టారు, అంతా వైభోగం. ధర్మరాజు ఎదురెళ్లి పూజించాడు. నారదుడు కూర్చుని వరుసగా ప్రశ్నలు వేస్తాడు, ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆడిట్. ఖజానా ఎలా ఉంది, చెరువులు నిండుతున్నాయా, రైతుకి విత్తనం అందుతోందా అని అడుగుతూ అడుగుతూ ఒక చోట అంటాడు: నీ కోసం ప్రాణం ఇచ్చినవాళ్ల, నీ పనిలో కష్టాల పాలైనవాళ్ల భార్యల్ని పోషిస్తున్నావా? ఇంకోచోట సైన్యానికి తిండి, జీతం వేళకి అందుతోందా అని అడుగుతాడు. ఈ నారదుడి ఘట్టాన్ని కూడా తెలుగులోకి తెచ్చింది నన్నయ గారే. రామాయణంలో చిత్రకూటంలో రాముడు భరతుణ్ణి అడిగిన ప్రశ్నల్లోనూ ఇది ఉంది. సైనికుల జీతం ఆలస్యం చెయ్యట్లేదు కదా అని. రాజ్యం పోయింది, నారచీరలు కట్టుకుని అడవిలో కూర్చున్నాడు. అయినా జీతాల తేదీ అడిగాడు రాముడు! మనం రామభక్తులం అనుకుంటాం కదా. రాముడికి ముఖ్యమైన విషయం మనకీ ముఖ్యం అవ్వాలి.

గమనించారా, ఇద్దరూ అడిగింది సన్మానం గురించి కాదు. పోషణ గురించి, వేళకి అందడం గురించి.

ఇప్పుడు ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను. మాజీ సైనికుడు అనగానే మనకి కర్ర పట్టుకున్న ముసలాయన గుర్తొస్తాడు. నిజానికి మామూలు జవాను చాలావరకు ముప్పై అయిదు, నలభై ఏళ్లకే బయటకి వచ్చేస్తాడు. పిల్లలు అప్పటికి ఐదో క్లాసో ఆరో క్లాసో. పెన్షన్ వస్తుంది, కానీ రెండో ఉద్యోగం తప్పదు. హైదరాబాద్‌లో మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, మీ బ్యాంకు తలుపు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడ్డాయన ఏ సరిహద్దు చూసొచ్చాడో మీరెప్పుడైనా అడిగారా? ఆయన్ని "వాచ్‌మన్" అని కేకేసి పిలవకండి. గారు పెట్టి పేరుతో పిలవండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఇంకా చిన్నవాళ్లు కూడా వస్తున్నారు. 2022లో అగ్నిపథ్ మొదలైంది. మొదటి బ్యాచ్ అగ్నివీరులు 2022 చివర, 2023 మొదట్లో శిక్షణకి వెళ్లారు. నాలుగేళ్ల సర్వీసు. ఇప్పుడున్న నిబంధన ప్రకారం అందులో నాలుగో వంతు వరకు మాత్రమే కొనసాగుతారు, మిగతావాళ్లు సేవానిధి డబ్బు తీసుకుని ఇంటికి వస్తారు, పెన్షన్ ఉండదు. అంటే ఈ సంవత్సరం చివరి నుంచి మీ వయసువాళ్లే, మీతో పాటు ఇంటర్ చదివినవాళ్లే, మాజీ సైనికులుగా ఊళ్లోకి దిగుతారు. ఆ పథకం మంచిదా చెడ్డదా అన్న చర్చ నాకొద్దు, దానికి వేరే ఛానల్స్ బోలెడు ఉన్నాయి. ఆ కుర్రాడు డిగ్రీ పూర్తి చెయ్యాలి, ఉద్యోగం వెతుక్కోవాలి, రెజ్యూమే రాసుకోవాలి. పదాతి దళంలో నేర్చుకున్నది ఒక కంపెనీ హెచ్ఆర్‌కి అర్థమయ్యే మాటల్లో రాయడం ఆయనకి రాకపోవచ్చు. మీకు వచ్చు. ఒక ఆదివారం సాయంత్రం చాలు. మీ కంపెనీలో ఖాళీ ఉంటే రిఫరల్ ఇవ్వండి.

పెద్దవాళ్ల దగ్గరికి వద్దాం. ఏటా నవంబరు వచ్చిందంటే పెన్షనర్లకి ఒక భయం, బతికే ఉన్నామని నిరూపించుకోవాలి. జీవన్ ప్రమాణ్ అంటారు. ఇప్పుడు రక్షణ శాఖ పెన్షన్ చాలావరకు స్పర్శ్ అనే పోర్టల్‌లోకి వెళ్లిపోయింది. వేలిముద్రలు అరిగిపోయిన చేతులు, ఓటీపీ వచ్చేలోపు ఆరిపోయే ఫోను, పాస్‌వర్డ్ ఎక్కడో డైరీలో. ఇప్పుడు మొహం చూపించి ఫోన్‌లోనే చెయ్యొచ్చు, మీకు పది నిమిషాల పని. ఆయనకి అదే రెండు బస్సులు మారి, లైన్లో నిలబడి, భోజనం టైం దాటిపోయే పని. మీరు పక్కన కూర్చుని చేసిపెట్టండి. ఒక్క జాగ్రత్త: ఓటీపీ ఆయన్నే చూసి కొట్టమనండి, పాస్‌వర్డ్ మీరు రాసుకోకండి. పెన్షన్ ఆపేస్తామని ఫోన్ చేసే దొంగలు ఇలాంటివాళ్లనే పట్టుకుంటారు, ఆ సంగతీ నెమ్మదిగా చెప్పండి.

అన్నిటికంటే ఎక్కువ కష్టం వాళ్ల భార్యలది. నారదుడు ప్రత్యేకంగా అడిగింది ఊరికే కాదు. భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ రావాలంటే సైన్యం రికార్డులో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు కలవాలి. ఆయన చేరినప్పుడు రికార్డులో సత్యవతి అని ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి వెంకట సత్యవతమ్మ అయ్యుంటుంది. పుట్టిన తేదీ అసలు ఎవరికీ తెలీదు. ఆ ఒక్క అక్షరం తేడాకి నెలల తరబడి తిరిగేవాళ్లున్నారు. ఇది ఆయన బతికి ఉండగా సరిచేసుకుంటే సులువు. కాబట్టి పండక్కి వెళ్లినప్పుడు మీ తాతగారో పెదనాన్నగారో మాజీ సైనికుడైతే ఆ పెన్షన్ కాగితం, అంటే పీపీఓ, ఒకసారి బయటకి తీయించండి. అమ్మమ్మ పేరు అందులో ఎలా ఉంది, ఆధార్‌లో ఎలా ఉంది పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే దారి చెప్తారు. దీన్ని మించిన పండగ కానుక నాకు తెలీదు. చీర తర్వాత కొనొచ్చు.

పెన్షనే లేనివాళ్లూ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధానికి తీసుకుని, యుద్ధం అయిపోగానే ఇంటికి పంపేసినవాళ్లలో చాలామందికి పెన్షన్ రాలేదు. ఆ తర్వాత కాలంలోనూ సర్వీసు మధ్యలో వచ్చేసినవాళ్లు ఉన్నారు. అలాంటివాళ్లకి, 65 ఏళ్లు దాటి వేరే ఆదాయం లేకపోతే, కేంద్రీయ సైనిక్ బోర్డు నెలకి 4,000 రూపాయలు ఇచ్చేది. 2025 నవంబరు 1 తర్వాత పెట్టుకున్న దరఖాస్తులకి దాన్ని 8,000 చేశారు. వితంతువులకీ వర్తిస్తుంది. ఇద్దరు పిల్లల వరకు చదువుకి నెలకి వెయ్యి ఉన్నది రెండు వేలు అయ్యింది. ఆడపిల్ల పెళ్లికి ఇచ్చేది 50,000 నుంచి లక్ష అయ్యింది. ఇవి హవల్దార్ ర్యాంకు వరకు ఉన్న కుటుంబాలకి. మీ ఊళ్లో ఎవరికైనా ఈ సంగతి తెలుసా? తెలియకపోతే మీరు చెప్పడమే సేవ. వైద్యానికి ఈసీహెచ్ఎస్ అని 2003 నుంచి ఉంది, కార్డు ఉందో లేదో అడగండి.

డబ్బు ఇవ్వాలనుకునేవాళ్లు సాయుధ దళాల పతాక నిధికి ఇవ్వండి. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న పతాక దినం జరుపుతారు, కానీ నిధికి ఏ రోజైనా ఇవ్వచ్చు. పైన చెప్పిన సాయాలు చాలావరకు ఆ నిధి నుంచే వెళ్తాయి. పాత పన్ను విధానంలో ఉంటే 80జి కింద మినహాయింపు వస్తుంది, కొత్త విధానంలో రాదు. రాదని ఆగిపోకండి. దానానికి రసీదు చిత్రగుప్తుడి దగ్గర కూడా ఒకటి ఉంటుంది కదా!

ఇవన్నీ ఒక ఎత్తు. కూర్చుని వినడం ఇంకో ఎత్తు.

యుద్ధం గెలిచాక ధర్మరాజు భీష్ముడి దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడ్డాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను అన్నాడు. కృష్ణుడే తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. సాయంత్రం ఊళ్లోకి రావడం, పొద్దున్నే మళ్లీ వెళ్లి ఆయన పక్కన కూర్చోవడం, ప్రశ్నలు అడగడం. శాంతిపర్వం, ఆనుశాసనికపర్వం అలా పుట్టాయి. మనం రోజూ పారాయణ చేసే విష్ణు సహస్రనామం ఎక్కడిది? ఆ బాణాల పడక మీద నుంచి ఒక గాయపడ్డ సైనికుడు చెప్పింది. ఎదురుగా సాక్షాత్తూ ఆ విష్ణువే కూర్చుని వింటున్నాడు. భగవంతుడికి తెలియని నామాలా అవి? అయినా విన్నాడు. ఎవరూ వెళ్లి అడగకపోయి ఉంటే ఆ వెయ్యి నామాలు ఆ పెద్దాయనతోనే పోయేవి.

1965, 1971 యుద్ధాలు చూసినవాళ్లు ఇప్పుడు డెబ్భై దాటి, ఎనభై దాటి ఉన్నారు. శ్రీలంకకి శాంతి సేనతో వెళ్లొచ్చినవాళ్లు, కార్గిల్ చూసినవాళ్లు ఉన్నారు. పండగ మూడు రోజుల్లో ఒక గంట, కోడిపందాల బరి దగ్గర్నుంచి కాస్త ముందుగా వచ్చెయ్యండి. అరిసెలు పట్టుకెళ్లి అరుగు మీద కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టేముందు ఆయన్ని అడగండి. ఎంతమందిని చంపారు తాతా అని మాత్రం ఎప్పుడూ అడగద్దు. మొదటిసారి రైలెక్కిన రోజు గురించి అడగండి, ఉత్తరాలు ఎన్నాళ్లకి వచ్చేవో అడగండి, అక్కడ అన్నం దొరికేదా రొట్టెలేనా అని అడగండి. గోదావరి మనిషిని అన్నం గురించి అడిగితే గంట మాట్లాడతాడు. మధ్యలో ఆయన ఆగిపోతే మీరూ ఆగండి. ఆ నిశ్శబ్దాన్ని ప్రశ్నలతో నింపక్కర్లేదు. వచ్చేముందు, అర్జునుడు అడిగినట్టు, నేను చెయ్యగలిగేది ఏమైనా ఉందా తాతగారూ అని అడగండి. ఏం వద్దంటాడు. రెండోసారి అడగండి.

భీష్మాష్టమి సంగతి చెప్పి ముగిస్తాను. భీష్ముడికి కొడుకుల్లేరు, తర్పణం ఇచ్చేవాడు లేడు. అందుకని ఆయన గోత్రం వైయాఘ్రపద, ఆ గోత్రం చెప్పి లోకమంతా ఆయనకి నీళ్లు వదులుతుంది. ఎవరి వారసుడూ కాని సైనికుడికి అందరూ వారసులయ్యారన్నమాట. తండ్రి బతికున్నవాళ్లు కూడా ఈ తర్పణం ఇవ్వచ్చని పెద్దలు చెప్తారు, మీ ఇంటి ఆచారం మీ పురోహితుల్ని అడిగి చెయ్యండి. ఆ తర్వాత మూడో రోజు, జనవరి 29న భీష్మ ఏకాదశి, అంతర్వేదిలో నరసింహస్వామి రథం కదిలే రోజు. సెలవు దొరికితే రండి.

26 సోమవారం ఎలాగూ సెలవే. రాజమండ్రిలో ఉన్నవాళ్లు పుష్కర ఘాట్‌కో కోటిలింగాల రేవుకో వెళ్లండి. బెంగళూరులో, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఇంట్లో రాగిపాత్రలో నీళ్లు చాలు. తర్పణం అయ్యాక మీ ఊరి నుంచి వెళ్లి తిరిగి రానివాళ్లు ఎవరైనా ఉంటే, పేరు తెలిస్తే పేరుతో, తెలియకపోతే ఊరి పేరుతో, ఒక దోసెడు నీళ్లు వదలండి. నువ్వులు మర్చిపోకండి, ముందు రోజే కొని పెట్టుకోండి.